ఫ్రీజర్‌లో గట్టిగా ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు

ముందు మీరు అడిగింది ఒకసారి చెప్పుకుందాం. నాలుగు రోజులు ఇంట్లో లేరు, ఆ మధ్యలో ఎప్పుడో కరెంటు పోయి వచ్చింది, ఎన్ని గంటలు పోయిందో తెలీదు. తిరిగొచ్చి చూస్తే ఫ్రీజర్‌లో అన్నీ గట్టిగానే ఉన్నాయి, ప్యాకెట్ల మీద తేదీలు దాటలేదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన కూడా ఏమీ లేదు. చికెన్ నగెట్స్, ఫిష్ ఫింగర్స్, బఠానీలు, సగం వాడిన ఐస్‌క్రీమ్ డబ్బా ఉన్నాయి, చిన్నపిల్లలు తినేవి, వాడొచ్చా అని మీ ప్రశ్న.

గట్టిగా ఉండటం, తేదీ దాటకపోవడం, వాసన లేకపోవడం. ఈ మూడింటిలో ఒక్కటి కూడా మీ ప్రశ్నకు జవాబు చెప్పదండీ. కరెంటు తిరిగి రాగానే కరిగిందంతా మళ్లీ గడ్డకడుతుంది, కాబట్టి గట్టిదనం ఇవాళ్టి సంగతి మాత్రమే చెబుతుంది. తేదీ అనేది ఫ్రీజర్ ఎక్కడా ఆగకుండా మైనస్ 18 డిగ్రీల దగ్గర పనిచేసిందనే లెక్క మీద వేసింది. ఇక గడ్డకట్టిన పదార్థం దాదాపుగా వాసనే ఇవ్వదు, కుళ్లిన చేప కూడా రాయిలా గడ్డకట్టి ఉన్నప్పుడు పెద్దగా తెలియదు. ఫ్రోజెన్ ఫుడ్ నిల్వ, తనిఖీ పనిలో చాలా ఏళ్లు ఉన్నాను, ఏ సరుకు వచ్చినా మేం మొదట అడిగేది ఒకటే: ఇది దారిలో ఎంత వేడిని, ఎంతసేపు చూసింది? ఇంట్లో కూడా అడగాల్సింది అదే, మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకో చెప్తాను. ఫ్రీజర్ బ్యాక్టీరియాను చంపుతుందని చాలామంది అనుకుంటారు, చంపదు. మైనస్ 10 కింద అవి పెరగడం ఆగిపోతుంది, మైనస్ 18 దగ్గర ఎన్ని నెలలైనా అలాగే పడుంటాయి, కొన్ని చస్తాయి, చాలా మట్టుకు బతికే ఉంటాయి. కరిగి 5 డిగ్రీలు దాటగానే చాలా రకాలు మళ్లీ వేగంగా పెరగడం మొదలుపెడతాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నదంతా వాటికి అనుకూలమే, అందులోనూ గది వేడిలో కొన్ని రకాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. అందుకే కరిగిన ఆహారాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదంటారు, వాతావరణం 32 డిగ్రీలు దాటి ఉంటే ఒక్క గంటే. తర్వాత మళ్లీ గడ్డకట్టినా ఆ పెరిగిన లెక్క తగ్గదు, ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది, మీరు ఈసారి కరిగించినప్పుడు అక్కడి నుంచే మొదలవుతుంది.

"బాగా వేయిస్తే పోతాయిలే" అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. వేడికి బ్యాక్టీరియా చస్తుంది నిజమే, కానీ స్టెఫైలోకోకస్ లాంటివి పెరిగేటప్పుడు వదిలిన విషం మరిగించినా పోదు. వండిన అన్నం, పాస్తా ఉన్న రెడీ మీల్స్‌లో బాసిల్లస్ సీరియస్ అనే ఇంకో బ్యాక్టీరియా ఉండొచ్చు, దాని విషానికి కూడా మామూలు వంట వేడి లెక్కే కాదు. ట్యూనా, మాకెరెల్ లాంటి చేపలు వెచ్చగా ఉండిపోతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది, అది గడ్డకట్టించినా పోదు, వండినా పోదు, తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. అందుకని వెచ్చబడిందని తెలిసిన మాంసం, చేప విషయంలో వంట మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఇప్పుడు మీ ఫ్రీజర్ దగ్గరికి వద్దాం. కరెంటు ఎంతసేపు పోయిందో పక్కవాళ్లను అడిగి ఎలాగైనా తెలుసుకోండి, సగం సమస్య అక్కడే తీరిపోతుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకుండా ఉంటే సుమారు 48 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది, సగం నిండినది 24 గంటలు. మీరు ఇంట్లో లేరు కాబట్టి తలుపు ఎవరూ తీయలేదు, అది మంచి విషయం. నాలుగైదు గంటలే పోయిందని తేలితే నిశ్చింతగా అన్నీ వాడుకోండి, టెన్షన్ పడాల్సిన పనిలేదు. ఈ లెక్క ఫ్రీజర్‌కే అని గుర్తుపెట్టుకోండి, కింద ఫ్రిజ్ భాగంలో ఉన్న పాలు, మాంసం, వండిన కూరలకు నాలుగు గంటలే గడువు.

తెలియకపోతే ప్యాకెట్లే చెప్పాలి. వాటిలో అన్నింటికంటే నిజాయితీగా చెప్పేది బఠానీల ప్యాకెట్. ఫ్యాక్టరీలో వాటిని దేనికది విడివిడిగా గడ్డకట్టిస్తారు, అందుకే కొత్త ప్యాకెట్ ఊపితే గలగలమంటుంది. అది ఇప్పటికీ గలగలమంటుంటే మీ ఫ్రీజర్ పెద్దగా కరగలేదు, ఎందుకంటే అంత చిన్న గింజలు అన్నింటికంటే ముందు కరుగుతాయి, అవే కరగకపోతే మిగతావి కరిగే అవకాశం చాలా తక్కువ. మొత్తం ఒకే ఇటుకలా అయిపోయి, కింది మూలలో నీళ్లు చేరి గడ్డకట్టినట్టు ఐస్ కనిపిస్తే మాత్రం అది కరిగింది, సందేహం లేదు. తెరిచిన ప్యాకెట్ మూతి దగ్గర నాలుగు గింజలు అంటుకుని ఉండటం వేరే విషయం, తేమ వల్ల మామూలుగా జరిగేదే, చేత్తో నలిపితే విడిపోతాయి.

నగెట్స్, ఫిష్ ఫింగర్స్ అయితే ఒకదానికొకటి అతుక్కున్నాయేమో, పైన పొడి పూత తడిసి ఊడిపోతోందేమో, వంగిపోయి అదే ఆకారంలో గడ్డకట్టాయేమో చూడండి. అట్టపెట్టె అడుగు తడిసి ఆరినట్టు మరకలున్నా, ప్యాకెట్ అడుగున ఎర్రటి, గోధుమరంగు రసం గడ్డకట్టి ఉన్నా కరిగి మళ్లీ గడ్డకట్టినట్టే. ఐస్‌క్రీమ్ అబద్ధం చెప్పలేదు: మట్టం కిందికి దిగిపోయి, అడుగున చిక్కటి జిగట పొర, పైన గరుకుగా ఐస్ పలుకులు ఉంటే అది ఒకసారి ద్రవం అయిపోయింది. అలాంటి ఐస్‌క్రీమ్‌ను వండి తినం కదా, అందులో పెరిగినదేదైనా నేరుగా కడుపులోకే వెళుతుంది, అందుకే పారేయమంటాను.

కరిగిన గుర్తులు కనిపించాయి, ఎంతసేపు అలా ఉందో తెలీదు, అంటే చికెన్, చేప, ఐస్‌క్రీమ్ మూడూ చెత్తబుట్టలోకే. కరిగినా 4 డిగ్రీల లోపే ఉండి ఉండొచ్చు కదా అంటారేమో, ఉండొచ్చు, కానీ మళ్లీ గడ్డకట్టేశాక ఆ సంగతి తెలుసుకునే దారి ఎవరికీ లేదు, పైగా తినేది చిన్నపిల్లలు. కొంచెం డబ్బు పోతుంది, బాధగానే ఉంటుంది, అయినా నా మాట ఇదే. ఇటుకలా మారిన బఠానీలు కూడా నేనైతే ఉంచను.

ఈ సందిగ్ధం మళ్లీ రాకుండా ఒక చిన్న పని చేసి పెట్టుకోండి. ఒక కప్పులో నీళ్లు పోసి గడ్డకట్టనిచ్చి, ఐస్ మీద ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లోనే వదిలేయండి. ఊరెళ్లి వచ్చాక నాణెం పైనే ఉంటే ఏమీ కరగలేదు. మధ్యకో అడుగుకో దిగిపోయి ఐస్‌లో ఇరుక్కుని ఉంటే అంతవరకు ఐస్ కరిగేంత సేపు ఫ్రీజర్ ఆగింది. ఇంకా మంచిది, ఒక ఫ్రీజర్ థర్మామీటర్ కొనుక్కోవడం, రోజూ ఒకసారి చూసే అలవాటు చేసుకోవడం. లోపల గుండ్రటి మీట మీద ఉండే 1 నుంచి 5 అంకెలు డిగ్రీలు కావు, అవి ఎంత చల్లదనం అన్నది తెలిపే వరుస మాత్రమే, అసలు వేడి ఎంతో థర్మామీటరే చెబుతుంది. ఫ్రిజ్ లోపల ఉండే చిన్న గది తలుపు మీద నక్షత్రాల గుర్తు చూశారా? ఒక నక్షత్రం అంటే మైనస్ 6, రెండైతే మైనస్ 12, మూడైతే మైనస్ 18. నాలుగు నక్షత్రాలుంటే మైనస్ 18తో పాటు తాజా ఆహారాన్ని గడ్డకట్టించే శక్తి కూడా ఉంటుంది. ఒక్క నక్షత్రం ఉన్న దాంట్లో ప్యాకెట్ మీది తేదీ వర్తించదు, అక్కడ కొద్దిరోజులే ఉంచాలి. చాలా ప్యాకెట్ల వెనక ఏ నక్షత్రానికి ఎన్నాళ్లు అని పట్టిక ఉంటుంది, ఎవరూ చదవరు.

ఇప్పుడు ఇంకోవైపు చెప్పాలి, ఎందుకంటే భయపడి మంచి ఆహారాన్ని పారేసేవాళ్లు కూడా చాలామందే ఉన్నారు. మాంసం మీదో నగెట్స్ మీదో తెల్లటి, బూడిదరంగు ఎండిపోయిన మచ్చలు కనిపిస్తాయి, దాన్ని ఫ్రీజర్ బర్న్ అంటారు. అక్కడున్న ఐస్ నీరుగా మారకుండానే నేరుగా ఆవిరైపోవడం వల్ల ఆ చోటు ఎండిపోతుంది, గాలి తగిలితే ఎక్కువ. తింటే ఏమీ కాదు, రుచి మాత్రం అట్టముక్కలా ఉంటుంది, ఆ భాగం కోసేస్తే చాలు. మాంసం ఎరుపు పోయి గోధుమరంగుకు తిరగడం కూడా గాలి వల్ల రంగు మారడమే, ఒక్క రంగును బట్టే కుళ్లిందనుకోవద్దు. ప్యాకెట్ లోపల సన్నటి మంచు పొడిలా ఉంటే ఫ్రీజర్ వేడి కాస్త అటూ ఇటూ ఊగుతోందని అర్థం, ఫ్రాస్ట్ ఫ్రీ రకాల్లో ఇది మరీ ఎక్కువ, అవి ఐస్ పేరుకోకుండా అప్పుడప్పుడూ లోపల కాస్త వేడి చేసుకుంటాయి. పొడిలాంటి మంచుకూ, నీళ్లు చేరి గడ్డకట్టిన గాజులాంటి ఐస్‌కూ తేడా కన్ను ఇట్టే పట్టేస్తుంది.

ఫ్రీజర్ ఆపలేనిది ఒకటుంది, కొవ్వు పాడవడం. బ్యాక్టీరియా లేకపోయినా నూనె, కొవ్వు గాలితో కలిసి నెమ్మదిగా చెడిపోతూనే ఉంటాయి, మైనస్ 18లో కూడా. కొవ్వెక్కువ చేపలు రెండు మూడు నెలలకే రుచి పోతాయి, కొవ్వు తక్కువవి ఆరు నెలలు బాగుంటాయి. నగెట్స్ లాంటి వేయించినవి ఒకటి నుంచి మూడు నెలలు, రెడీ మీల్స్ మూడు నాలుగు నెలలు, కూరగాయలు ఎనిమిది నెలలు ఆ పైన కూడా. ఇవి రుచి కోసం చెప్పే లెక్కలు, ఆగకుండా మైనస్ 18లో ఉన్నది ఆ తర్వాత తిన్నా ప్రమాదం కాదు. కొవ్వు చెడితే కరిగాక పాత నూనె కంపు, ఒక్కోసారి పెయింట్ డబ్బా తెరిచినట్టు వాసన వస్తుంది, ముక్క నోట్లో పెట్టుకుంటే గొంతులో గీరినట్టుంటుంది. అలాంటిది తినకండి.

ఇక కరిగించాక పట్టుకోవాల్సినవి. చికెన్ మీద వేలు పెడితే జిగటగా సాగడం, పుల్లటి వాసన, చేప దగ్గర ఘాటైన అమ్మోనియా కంపు, సాస్ ఉన్న మీల్స్‌లో బుడగలు, నురగ, గట్టిగా మూసి ఉన్న ప్యాకెట్ కరిగాక ఉబ్బడం, ఎక్కడైనా బూజు. వీటిలో ఒక్కటున్నా నేరుగా పారేయాలి, వాసన పోయేదాకా కడగడం, నిమ్మరసం పట్టించడం, మసాలా ఎక్కువ వేయడం లాంటివి చేయకూడదు. నాలుక మీద కాస్త పెట్టి చూస్తానంటారు కొందరు, అది అసలు వద్దు. ఇవేవీ లేకపోతే బాగున్నట్టే అని కూడా అనుకోకండి, మనుషుల్ని జబ్బు పడేసే సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటివి వాసన, రంగు, రుచి ఏదీ మార్చకుండానే ఉండగలవు. చెడు గుర్తు కనిపిస్తే తీర్పు అయిపోయినట్టే, కనిపించకపోతే మాత్రం మళ్లీ పాత ప్రశ్నే, ఎంత వేడిలో ఎంతసేపు ఉంది?

కొనేటప్పటి నుంచే ఈ లెక్క మొదలవుతుంది. ఫ్రోజెన్ సరుకు చివర్లో తీసుకోండి, దారి పొడవునా మందపాటి చల్లటి సంచిలో పెట్టుకుని నేరుగా ఇంటికి రండి, మధ్యలో ఇంకో పని పెట్టుకోవద్దు. అక్కడే ప్యాకెట్ నొక్కి చూడండి, మెత్తగా ఉన్నా, తడిగా ఉన్నా, బఠానీలు ముద్దగా ఉన్నా, అట్టపెట్టె వంకరపోయినా వదిలేయండి. కొన్ని చోట్ల ఫ్రీజర్‌లో సరుకు గీత దాటి పైదాకా నింపేస్తారు, పై వరుసలోది తీసుకోవద్దు, అక్కడ చల్లదనం సరిగ్గా అందదు.

ఇంట్లో తెరిచిన ప్యాకెట్లోంచి గాలి పిండేసి గట్టిగా బిగించండి, లేదా జిప్ కవర్లోకి మార్చి తెరిచిన తేదీ రాయండి. అట్టపెట్టె ఖాళీ చేస్తే వండే సూచనలు ఉన్న ముక్క కత్తిరించి కవర్లో పడేయండి, తర్వాత వెతుక్కోనక్కర్లేదు. తలుపు అరలో వేడి ఎక్కువ ఊగుతుంది కాబట్టి మాంసం, చేప లోపలి వైపు పెట్టండి, తలుపులో ఐస్ ముక్కలో, బ్రెడ్డో ఉంచుకోండి. వేడి వేడి కూర తెచ్చి ఫ్రీజర్‌లో పెడితే పక్కనున్నవి కూడా మెత్తబడతాయి, చిన్న డబ్బాల్లో సర్ది, ఆవిరి తగ్గాక, వండిన రెండు గంటల్లోపు పెట్టేయండి. గోడల మీద ఐస్ అర సెంటీమీటర్ మందం దాటితే తీసి శుభ్రం చేయండి, అది చల్లదనాన్ని లోపలికి రానివ్వదు. తలుపు చుట్టూ రబ్బరు వదులైందేమో కాగితం పెట్టి మూసి లాగి చూడండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాల్సిందే, గోడల మీద ఐస్ మాటిమాటికీ పేరుకోవడానికి చాలాసార్లు కారణం అదే.

కరిగించడం గురించి కూడా ఓపిగ్గా చదవండి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నగెట్స్, ఫిష్ ఫింగర్స్, పిజ్జా, ఫ్రైస్ లాంటివి చాలా వరకు కరిగించకుండా నేరుగా వండటానికే తయారుచేస్తారు. కరిగించాలని ప్యాకెట్ చెబితే ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టండి, అడుగున పళ్లెం ఉంచండి, లేకపోతే కారిన రసం కింద ఉన్న వాటి మీద పడుతుంది. తొందరైతే నీళ్లు దూరని కవర్లో ఉంచి చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. మైక్రోవేవ్‌లో కరిగిస్తే ఆ వెంటనే వండేయాలి, అంచులు అప్పటికే వెచ్చబడి ఉంటాయి. వంటగది బల్ల మీద పెట్టి కరిగించే పద్ధతి మానేయండి, లోపల ఇంకా ఐస్ ఉండగానే పైపొర గంటల తరబడి గది వేడిలో ఉంటుంది. గాలి తీసేసి సీల్ చేసిన చేపను కరిగించేముందు ఆ కవర్ తెరవండి లేదా తీసేయండి, గాలి లేని చోట, ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరిగి బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా రకం ఒకటి ఉంది.

పూత పూసిన చికెన్‌తో ఇంకో చిక్కు. ఫ్యాక్టరీలో పైపైన వేయించి గడ్డకట్టించడం వల్ల బంగారు రంగులో వండినట్టే కనిపిస్తుంది, లోపల పచ్చి మాంసమే ఉన్న రకాలు చాలా ఉన్నాయి. వీటిని సరిగ్గా వండక సాల్మొనెల్లా సోకిన సంఘటనలు పలు దేశాల్లో జరిగాయి. ప్యాకెట్ మీద "పచ్చిది, పూర్తిగా వండాలి" అన్న మాట ఉందేమో చూడండి, ఉన్నా లేకపోయినా మధ్యలో 74 డిగ్రీలు తగలాలి, వంట థర్మామీటర్ గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. మైక్రోవేవ్‌లో అక్కడక్కడా చల్లటి చోట్లు మిగులుతాయి, అందుకే మధ్యలో కలపమని, తీశాక రెండు నిమిషాలు ఆగమని రాస్తారు, ఆ ఆగే సమయం కూడా వంటలో భాగమే. మీ మైక్రోవేవ్ వాట్లు ప్యాకెట్ చెప్పినదానికంటే తక్కువైతే ఎక్కువసేపు పెట్టాలి.

ఫ్రోజెన్ కూరగాయల్ని నేరుగా సలాడ్‌లో వేసుకునేవాళ్లకు ఒక మాట. గడ్డకట్టించే ముందు వాటిని వేడినీళ్లలో కాసేపు ముంచుతారు, అది రంగు, రుచి పాడుచేసే ఎంజైములను ఆపడానికి మాత్రమే, పూర్తిగా వండినట్టు కాదు. 2015 నుంచి 2018 మధ్య యూరప్‌లో పలు దేశాల్లో వచ్చిన లిస్టీరియా జబ్బుకు మూలం ఫ్రోజెన్ మొక్కజొన్న, ఇతర కూరగాయలు అని తేలింది, కొందరు చనిపోయారు కూడా. గర్భిణులు, వయసు పైబడినవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే బఠానీలైనా పొగలు కక్కేదాకా వండాకే పెట్టండి.

మళ్లీ గడ్డకట్టించొచ్చా అని అందరూ అడుగుతారు. ఫ్రిజ్‌లో పెట్టి కరిగించినది, లేదా ఇంకా ఐస్ పలుకులు మిగిలి ఉన్నది, ముట్టుకుంటే ఫ్రిజ్‌లో ఉన్నంత చల్లగా ఉన్నది మళ్లీ పెట్టొచ్చు, నీరు కారి రుచి తగ్గుతుందంతే. కరెంటు పోయినప్పుడు మీరు ఇంట్లోనే ఉంటే ఇదే సూత్రం పనికొస్తుంది, ప్యాకెట్‌ పక్కన థర్మామీటర్ పెట్టి 4 డిగ్రీల లోపుంటే ఉంచేయండి. చన్నీళ్లలోనో మైక్రోవేవ్‌లోనో కరిగించింది మాత్రం ముందు వండి, చల్లార్చి, అప్పుడు పెట్టాలి. ఐస్‌క్రీమ్‌కు ఈ సౌలభ్యం లేదు.

పారేసేవి కవర్లో గట్టిగా కట్టి పారేయండి, పిల్లలకూ జంతువులకూ అందకుండా. తర్వాత ఫ్రీజర్ స్విచ్ ఆపి, అరలు తీసి వేడి సబ్బునీళ్లతో కడగండి, కారిన రసం మూలల్లో, రబ్బరు మడతల్లో ఇరుక్కుంటుంది, అక్కడ పాత బ్రష్‌తో రుద్దాలి. కంపు మిగిలితే నీళ్లలో బేకింగ్ సోడా కలిపి తుడిచి, తలుపు తెరిచి ఆరనివ్వండి. మళ్లీ స్విచ్ వేశాక మైనస్ 18కి దిగేదాకా కొత్త సరుకు పెట్టకండి, అందుకు చాలా గంటలు, ఒక్కోసారి రోజంతా పడుతుంది.